నీళ్ళొచ్చిన బావి

మా చేని బావి అడుగున కూర్చుని నేను అన్నం తిన్నాను. ఒకసారి కాదు, చాలా ఏళ్ళు తిన్నాను. పెళ్ళయి నేను ఈ ఊరొచ్చేనాటికి ఆ బావిలో చుక్క నీళ్ళు లేవు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్లు, అడుగున నల్లటి బండ, బండ మీద పావురాల రెట్ట, అంతే. పైన ఎండ మాడ్చి చంపుతుంటే అక్కడ మాత్రం చల్లగా ఉండేది. చేని పనికొచ్చిన ఆడవాళ్ళం సద్దిమూటలు పట్టుకుని దిగిపోయేవాళ్ళం. మేకలవాళ్ళు పాలు మరవని మేకపిల్లల్ని ఎత్తుకొచ్చి ఆ నీడలో వదిలేవాళ్ళు. ఊళ్ళో పిల్లలంతా ఆ బండ మీదే బొమ్మరిల్లు ఆడుకున్నారు, నా కూతురుతో సహా.

మెట్లలో ఒకటి విరిగిపోయి చాలా కాలమైంది. అక్కడికి రాగానే గోడ పట్టుకుని, కాలు బాగా చాచి కింది మెట్టు మీద వేయాలి. ఇది ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. కంటికి కనపడుతుంది కాబట్టి కాలే చూసుకునేది.

మాది పామిడికీ గుంతకల్లుకూ నడుమ ఒక ఊరు. మేం దూదేకులవాళ్ళం. మా మామ బతికున్నన్నాళ్ళూ విల్లు భుజాన వేసుకుని గుంతకల్లు రైల్వే క్వార్టర్ల చుట్టూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇప్పుడు మా ఆయన అదే ఊళ్ళో పరుపుల అంగట్లో పనిచేస్తాడు. నేను పామిడి షావుకార్లు ఇచ్చే గుడ్డతో ఇంట్లోనే నైటీలు కుడతాను. ఉన్న కాస్త చేనూ వాన పడితే పంట, లేకుంటే తంటా. అట్లాంటిది, ఒక ఏడు కాలువ నీళ్ళు మా చెరువుకు మళ్ళించారు. ఆ ఏడే వానలూ దంచి కొట్టాయి. చెరువు కింద ఉన్న మా బావిలో ఊట మొదలై, చూస్తుండగానే నీళ్ళు సగం మెట్ల దాకా వచ్చి నిలబడ్డాయి.

ఊరంతా వచ్చి చూసింది. ఒకరు టెంకాయ కొట్టారు, మేము ఫాతెహా చదివించి చక్కెర పంచాం. మా అత్త మాత్రం గట్టు మీద నిలబడి, నోట్లో వేసుకున్న చక్కెర కరిగేదాకా నీళ్ళకేసి చూసి, “ఇంగ పిల్లోల్లను జూసుకోండప్పా” అంది. ఆవిడ ఏం చెప్పినా గొణుగుడు కిందే జమకట్టడం మా ఇంట్లో అలవాటు. నీళ్ళు లేక చచ్చిన ఊరికి నీళ్ళలో పడి కూడా చస్తారని ఎట్లా గుర్తుంటుంది? ఊళ్ళో ముసలివాళ్ళకు తప్ప ఈత ఎవరికీ రాదు. ఎక్కడ నేర్చుకుంటాం, ఇసకలోనా?

ఆ బావి మింగింది నా కూతురి ఈడు పిల్లనే. ఇద్దరూ ఒకే బడి, ఒకే తరగతి. మేకలు కాసే ఆమె కూతురు. సెలవు రోజు తల్లి వెంట మేకల మీదికొచ్చింది. తాగడానికి సీసాలో నీళ్ళు ముంచుకుంటానని మెట్లు దిగింది. సీసా చేయి జారి తేలుతూ కొంచెం అటు పోయింది. దానికోసం నీళ్ళలో ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. పుట్టినప్పటినుంచీ దిగిన మెట్లే కదా. విరిగిన మెట్టు ఈసారి నీళ్ళ కింద ఉంది.

నేను టమోటా చేలో ఉన్నాను. తల్లి కేక విని పరుగెత్తాను. మేం నలుగురం ఆడవాళ్ళం, మందు కొట్టడానికి వచ్చిన మగవాళ్ళు ఇద్దరు. ఆరుగురం గట్టు మీద నిలబడ్డాం. పిల్ల చేయి ఒకసారి పైకొచ్చింది. మగవాళ్ళు తాడు విసిరారు. చీరలు ముడేసి వదిలాం. తల్లి మెట్ల మీదికి ఉరికి, నీళ్ళు నడుము దాకా రాగానే ఆగిపోయి, చేతులు చాపి నిలబడిపోయింది. ఎవరింట్లోనో అటక మీద, బావిలో పడ్డ చేదలు తీసే తుప్పు పట్టిన గాలం ఉంటే తెచ్చేసరికి నీళ్ళు అద్దంలా కదలకుండా ఉన్నాయి. ఆ రోజు మా అత్త కంటి ఆపరేషన్‌కని ఊళ్ళో లేదు. ఉన్నా మోకాళ్ళు పనిచేయని మనిషి ఏం చేసేదో నాకు తెలియదు.

ఆ తర్వాత నాకు భయం పట్టుకుంది. మామూలు భయం కాదు. మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి లేచి బయటికి పరుగెత్తి కూతురు ఎక్కడుందో చూసుకునేదాన్ని. బడికి పోతే బడి గోడ దాకా పోయి తొంగి చూసేదాన్ని. అది స్నానానికి పోయి రెండు నిమిషాలు మాట వినపడకపోతే తలుపు బాదేదాన్ని. బావిని పూడ్చేద్దామని మా ఆయనతో తగవు పెట్టుకున్నాను. “పూడిస్తే చేనికి నీల్లు నీ మిషన్‌లోనించి వస్తాయా?” అన్నాడు. కంప కొట్టుకొచ్చి చుట్టూ ముళ్ళ కంచె వేశాడు. వారం తిరక్కుండానే నా కూతురు చెప్పులు ఆ కంచె బయట కనపడ్డాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది లోపల, మెట్ల మీద కూర్చుని నీళ్ళలోకి చిన్న చిన్న రాళ్ళు వేస్తోంది. “ఏం జేస్తాండావే?” అంటే, “బండ కనపడతాదేమోనని సూస్తాండా మా” అంది. దాని జత పిల్ల ఆడుకున్న బండ అది. నేను దాన్ని కొట్టాను. కొట్టి, దానికంటే ఎక్కువ నేనే ఏడ్చాను.

మా అత్త కంటికి నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఇదంతా చూసింది.

“కంచె ఎన్నాల్లుంటాది? నువ్వు ఎన్నాల్లు కావిలుంటావు? దానికి ఈత నేర్పీ.”

“ఎవరు నేర్పేది?”

“నువ్వే.”

“నాకే రాదు కదత్తా.”

“అయితే నేర్చుకో. నేను చెప్తా.”

ఒడ్డున కూర్చున్నవాళ్ళు ఎన్నైనా చెబుతారు. అదే అన్నాను కూడా. “నా మోకాల్లు నాకుంటే నిన్ను అడుక్కుందునా?” అంది. 

మర్నాడు ఆవిడే మా ఆయన్ని వెంటబెట్టుకుని చేని గట్టు మీద ఎండిపోయిన కిత్తనార మోడు కొట్టించింది. నరికి చూస్తే లోపల అంతా తేలికైన బెండు. మూరెడు మూరెడు ముక్కలు చేసి, తాడుతో కలిపి కట్టి, వీపుకు బిగించుకునేట్టు తయారుచేసింది. వాళ్ళ చిన్నతనంలో ఆడా మగా అందరూ దాంతోనే నేర్చుకున్నారట. ఆవిడ పుట్టిల్లు పెన్న ఒడ్డు. ఏటికి నీళ్ళొస్తే వాళ్ళను ఇంట్లో పట్టేవాళ్ళు లేరని మా మామ కూడా చెప్పేవాడు.

మొదటి రోజు మా ఆయన పాత ప్యాంటు, చొక్కా వేసుకుని చేనికి పోయాను. దారిలో ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఒకామె, “ఏమ్మే, పోలీసు ఉద్యోగమొచ్చినాదా?” అంది. నేను ఆగకుండా చేని దాకా నడిచాను.  మా ఆయన తాడు ఒక కొస నా నడుముకు కట్టి, రెండో కొస పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. అత్త పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చుంది.

“బిస్మిల్లా అని దిగు.”

అన్నాను. దిగలేదు.

మోకాళ్ళ దాకా దిగడానికే నాకు రెండు మూడు రోజులు పట్టింది. నీళ్ళంటే భయమని చెబితే సరిపోదు. ఆ నీళ్ళ కింద ఏముందో నాకు తెలుసు, అదీ నా భయం. బండ తెలుసు, బండకున్న నెర్రె తెలుసు, విరిగిన మెట్టు ఎక్కడో తెలుసు. నేను అన్నం తిన్న చోటు నా కాళ్ళ కింద అంత లోతున చీకట్లో ఉంది. నా పాదం ఒక్కో మెట్టునూ తడుముకుంటూ పోయి, విరిగిన చోట గాల్లో ఆడినట్టు ఆడితే, ఆ పిల్ల కాలు కూడా ఇట్లాగే తడుముకుని ఉంటుందని గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తుకొచ్చేదాన్ని. పైపై నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. కొంచెం కిందికి పోతే చల్లగా, పట్టుకున్నట్టుగా ఉంటాయి. ఆ చల్లదనం తగిలితే చాలు, నాకు ముచ్చెమటలు పోసేవి. నీళ్ళలో చెమటలు పోస్తాయని ఎవరైనా చెబితే అంతకు ముందు నమ్మేదాన్ని కాదు.

ఒకరోజు నా కాలికి ఏదో మెత్తగా రాసుకుపోయింది. నేను పెట్టిన అరుపుకు పావురాలన్నీ లేచిపోయాయి. చూస్తే తాబేలు. “అది నిన్ను జూసి ఇంట్లో పడుకున్నింటాది పాపం, జరమొచ్చి” అంది అత్త.

మానేద్దామని చాలాసార్లు అనుకున్నాను. మా ఆయన కూడా, “సాలు మే, నీతో అయ్యేది కాదు, పాపను నేను కనిపెట్టుకుంటా” అనేవాడు. పొద్దున ఎనిమిదింటికి గుంతకల్లు బస్సెక్కే మనిషి ఎట్లా కనిపెట్టుకుంటాడు? నేను మానేద్దామనుకున్న ప్రతి రోజూ నా కూతురు ఏదో ఒక పని చేసేది. కంచె దగ్గర దాని అడుగులు కనపడేవి. లేదంటే అన్నం తింటూ, “మా, నీల్లలో కండ్లు తెరిస్తే కనపడతాదా?” అని అడిగేది.  మళ్ళీ ప్యాంటు, చొక్కా వేసుకుని బయలుదేరేదాన్ని.

అత్త చెప్పేది చాలా తక్కువ. “కాల్లు ఆడించు.” “మెడ యిడ్సు, నీల్లే మోస్తాయి.” “నీల్లతో కొట్లాడొద్దు, సుమ్మనుండు.” సుమ్మనుండమనడం సులువే. నాకు నోరే సుమ్మనుండదు, ఒళ్ళెట్లా ఉంటుంది? అయినా రోజూ పోయాను. టమోటా అయిపోయింది, దున్ని మళ్ళీ శెనక్కాయ విత్తాం, నేను ఇంకా బెండు కట్టుకునే ఉన్నాను. ఒక పొద్దు మెట్టు వదిలి, బావి అవతలి గోడ ముట్టుకున్నాక గానీ నాకు తెలియలేదు, మెట్టు వదిలానని. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. గోడకు బల్లిలా అతుక్కుని, తిరిగి రావడానికి ధైర్యం చాలక, అత్త పిలుస్తున్నా పలక్కుండా చాలాసేపు ఉండిపోయాను. ఎట్లాగూ రావాలి కదా, వచ్చాను. ఆ తర్వాత అత్త బెండులోంచి ఒక్కో ముక్కే తీసేయించింది. చివరి ముక్క తీసిన రోజున ఇంటికొచ్చి జ్వరం పెట్టుకున్నాను. మూడో రోజు మళ్ళీ దిగాను.

ఆ బెండే కట్టి దింపితే, నా కూతురు మాత్రం నాలుగు రోజుల్లో కప్పపిల్లలా ఈదేసింది. నాకు సంతోషం వేయాలి. భయమే ఎక్కువైంది. అది మునిగి నవ్వుకుంటూ ఇంకో చోట తేలేలోపు నా గుండె ఎన్నిసార్లు ఆగేదో దానికేం తెలుసు.

ఆ రోజుల్లోనే ఆ తల్లి రావడం మొదలైంది. మేకల్ని బీట్లో వదిలి, గట్టు మీద కొంచెం దూరంగా కూర్చునేది. మాట్లాడేది కాదు. నా కూతురు ఈదుతుంటే కన్నార్పకుండా చూసేది. ఆమె కనపడగానే నేను పిల్లను బయటికి రమ్మనేదాన్ని. ఆమె దిష్టికి భయపడ్డానో, ఆమె ముఖానికి భయపడ్డానో చెప్పలేను. నా బిడ్డ నీళ్ళలోంచి నవ్వుకుంటూ వస్తుంటే ఆమె ముందు నిలబడటానికే నాకు కాళ్ళు వచ్చేవి కావు.

ఒకరోజు ఆమే లేచి మెట్ల దాకా వచ్చింది.

“అక్కా, నాకీ నేర్పీ.”

నేను అత్త వైపు చూశాను. అత్త ఎటో చూస్తోంది.

“నీకెందుకే ఇప్పుడు?” అనేశాను. అన్నాక నాలుక కొరుక్కున్నాను.

“ఆ పొద్దు నడుము లోతులో నిలబడిపోతిని అక్కా. ముందుకి కాలు రాల్యా. దినామూ ఆడనే నిలబడినట్టుండాది నాకి” అంది.

కాదనడానికి మనసు రాలేదు. ఒప్పుకోవడానికి ధైర్యమూ లేదు. నాకొచ్చిందే అంతంతమాత్రం, మళ్ళీ నేను గురువునా? ఆ రాత్రి అన్నాల దగ్గర అత్తను అడిగాను. అత్త ముద్ద మింగి చెప్పింది. “ఆయమ్మ నీకన్నా బలమైన మనిషి. బయపడి నిన్ను పట్టుకునిందంటే యిడ్సదు. అట్ల పట్టుకుంటే పైకి రావాలని సూడొద్దు. ఇద్దరూ పోతారు. నువ్వు కిందికి పో. మునిగేటోల్లు కిందికి రారు, యిడిసిపెడతారు.”

“కిందికా?”

“కిందికే.”

నేను తినడం ఆపేశాను. ఇన్ని నెలలుగా ఈదానే గానీ, ఒక్కసారి కూడా తల ముంచి అడుక్కు పోలేదు. నా కూతురు పోయేది, బండ ముట్టుకొచ్చేది. నేను పోలేదు.

ఆమె మర్నాడే వచ్చింది, నైలాన్ చీర గోచీ పోసుకుని. మా ఆయన పనికి పోయాడు, తాడు లాగే మనిషి లేడు కాబట్టి ఆమె నడుముకు కట్టిన తాడు రెండో కొస గట్టు మీద మోటారు బిగించిన రాయికి కట్టాం. అత్త ఇంకా గట్టు దాకా రాకముందే నేను బెండు ఆమె వీపుకు చీర మీదుగానే కట్టాను. అత్త నాకు ఎన్నడూ చీర మీద కట్టలేదు, అసలు చీరే కట్టుకోనివ్వలేదు. అది ఎందుకో ఆ క్షణాన నాకు తట్టలేదు.

గడ్డం కింద అరచేయి పెట్టి మెల్లగా లాక్కుపోయాను. బాగానే తేలింది. విరిగిన మెట్టు దాటాం. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. మెట్లకు నాలుగు బారల దూరం వచ్చామో లేదో, తడిసిన నైలాన్ మీద బెండు జర్రున నడుము కిందికి జారింది. నడుము పైకి లేచింది, తల కిందికి పోయింది. మరుక్షణం ఆమె రెండు చేతులూ నా మెడ చుట్టూ పడ్డాయి.

అంత బలం నేను ఎన్నడూ చూడలేదు. ముక్కులోకి, నోట్లోకి నీళ్ళు. పైన వెలుతురు కనపడుతోంది, అందడం లేదు. నేను కొట్టాను, రక్కాను, పైకి, పైకి అని కాళ్ళు తన్నాను. ఎంత తన్నితే ఆమె అంత గట్టిగా బిగించింది. చచ్చిపోతున్నానని తెలిసింది. అత్త చెప్పిన మాట గుర్తొచ్చింది గానీ, ఒళ్ళు ఒప్పుకోలేదు. నేను ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ భయపడిన చోటు అదే, కింద. అక్కడికి నా అంతట నేను పోవాలి.

తన్నడం ఆపాను. చేతులతో నీళ్ళను పైకి నెట్టాను. దిగిపోయాం. చల్లటి నీళ్ళు మొదలయ్యాయి, చెవుల్లో పోటు, కళ్ళ ముందు చీకటి. మెడ చుట్టూ ఉన్న చేతులు ఒక్కసారిగా వదిలేశాయి. ఆమె పైకి పోతోంది. నేను ఇంకా కిందికి పోతున్నాను. పాదాలకు బండ తగిలింది. నాచు పట్టి జారుతోంది, అయినా నా కాళ్ళు దాన్ని గుర్తుపట్టాయి. బలమంతా తీసి తన్నాను.

ఎట్లా తేలానో, ఆమె జడ ఎట్లా దొరకబుచ్చుకున్నానో సరిగా గుర్తులేదు. జడ పట్టి ఈడ్చుకుంటూ మెట్ల మీద పడేశాను. ఇద్దరం గోడకు ఆనుకుని దగ్గాం, నీళ్ళు కక్కాం. పైనుంచి అత్త గొంతు వినపడింది. ఆవిడ ఏడవడం నేను వినడం అదే మొదలు.

 ఊపిరి అందాక, ఆమె నా వైపు చూడకుండా అడిగింది.

“అక్కా, నా బిడ్డ గూడా ఇట్లే నీల్లు తాగిందా?”

ఊరంతా ఆమెకు ఒకటే చెప్పారు, పిల్లకు ఏమీ తెలియకుండానే పోయిందని. నేనూ ఆ మాటే చెప్పి ఉన్నాను. ఇప్పుడే ఆ నీళ్ళు తాగి వచ్చిన నోటితో మళ్ళీ అది చెప్పలేకపోయాను.

“అవును.”

“బయపడింటాది.”

“అవును.”

ఆమె ఏడవలేదు. తల ఊపింది. లేచి నిలబడి చీర విప్పి, పిండి, పై మెట్టు మీద పెట్టింది. లంగా జాకెట్టుతో నా వైపు వీపు తిప్పి నిలబడింది.

“ఈ తూరి గట్టిగా కట్టక్కా.”

 నా పళ్ళు టకటకలాడుతున్నాయి. ఇంటికి పరుగెత్తి దుప్పటి కప్పుకుని పడుకోవాలని ఉంది. ఆ భయం పోయేదాకా ఆగుదామంటే నా జన్మలో అది పోదని అప్పటికి నాకు తెలిసింది. వణికే చేతులతోనే ముడి వేశాను, రెండుసార్లు లాగి చూశాను, ఆమెకంటే ముందు నీళ్ళలోకి దిగాను.